శ్రీచరణి ఒక్కతేనా? జట్టు పిల్లలంతా కలిసి ఎదుగుతున్నారా?

వీరపునాయునిపల్లె మండలంలోని ఎర్రమల్లె గ్రామం పేరు కడప జిల్లాలోనే చాలామందికి తెలిసేది కాదు. 2025 నవంబరు 2వ తేదీ రాత్రి నవీ ముంబయిలో భారత మహిళల క్రికెట్ జట్టు ప్రపంచకప్ గెలిచిన తరువాత ఆ పేరు దేశమంతా తెలిసింది. ఆ ఊరి అమ్మాయి నల్లపురెడ్డి శ్రీచరణి ఆ పోటీల్లో 14 వికెట్లు తీసింది. మన జట్టులో అంతకంటే ఎక్కువ తీసింది ఒక్క దీప్తి శర్మ మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వం శ్రీచరణికి రెండున్నర కోట్ల రూపాయల నగదు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఊరేగింపులు జరిగాయి. దండలు పడ్డాయి. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు.

అయితే పల్లెల్లో టీ బంకుల దగ్గర కూర్చున్న పెద్దల మధ్య ఒక వాదం అప్పుడు మొదలైంది, ఇంకా తెగలేదు. ఒకరోజు ఒక పిల్ల ఆడింది, ఇంకోరోజు ఇంకో పిల్ల ఆడింది, ఏదో కలిసొచ్చి కప్పు వచ్చింది, అంతేగాని వీళ్లంతా కలిసి పైకొచ్చిన జట్టు అనడానికి రుజువేముంది అని కొందరి ప్రశ్న. మన పాప బాగా ఆడింది కదా, తక్కినవాళ్ల గొడవ మనకెందుకు అని మరికొందరి మాట. మొదటివారి అనుమానంలో కొంత న్యాయం ఉన్నది. రెండవవారి మాటలో మాత్రం ఏమీ లేదు. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి ముందుకు లాగి రెండవది వెనకబడితే సాలు ఎటు పోతుందో సేద్యగాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

జట్టులోని పడుచు పిల్లలు నిజంగా కలిసి ఎదుగుతున్నారా లేదా అన్నది కప్పును చూసి తేల్చే విషయం కాదు. అక్టోబరులో వరుసగా ఓడిన మూడు ఆటలను పక్కన పెట్టుకుని, ఆఖరి రెండు ఆటలను చూడాలి.

విశాఖలో జరిగింది ఏమిటి?

పోటీలు మొదలైన మొదటి రెండు ఆటల్లో శ్రీలంకను, పాకిస్తాన్‌ను మన జట్టు ఓడించింది. అక్టోబరు 9న విశాఖపట్నంలో దక్షిణాఫ్రికాతో తలపడింది. 102 పరుగులకు ఆరు వికెట్లు పోయిన దశలో బెంగాల్‌లోని సిలిగురికి చెందిన రిచా ఘోష్ 77 బంతుల్లో 94 పరుగులు కొట్టి జట్టును 251కి చేర్చింది. తరువాత దక్షిణాఫ్రికాను 81 పరుగులకు ఐదు వికెట్ల వద్ద నిలబెట్టారు. ఆట చేతిలోకి వచ్చింది. అక్కడినుంచి ఆట జారిపోయింది. నదీన్ డి క్లెర్క్ 54 బంతుల్లో 84 పరుగులతో అజేయంగా నిలిచి వాళ్లను గెలిపించింది.

మూడు రోజుల తరువాత అదే మైదానంలో ఆస్ట్రేలియాతో ఆట. ఆరోజు ఆట మొదలుకావడానికి ముందు ఆ స్టేడియంలో రెండు స్టాండ్లకు మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లు పెట్టారు. మన తెలుగునేలకు చెందిన ఇద్దరు క్రీడాకారిణులకు దక్కిన గౌరవం అది. స్మృతి మంధాన, ప్రతీకా రావల్ కలిసి తొలి వికెట్‌కు 155 పరుగులు చేశారు. 294 పరుగులకు నాలుగు వికెట్లు మాత్రమే పోయాయి. 360, 370 దాకా పోతుందనుకుంటే మిగిలిన ఆరుగురూ 36 పరుగులకే వెనుదిరిగారు. 330కి ఆట ముగిసింది. ఆస్ట్రేలియా 49 ఓవర్లలో 331 కొట్టి గెలిచింది.

ఆరోజు లెక్క ఒకటి గమనించాలి. శ్రీచరణి 10 ఓవర్లు వేసి 41 పరుగులు మాత్రమే ఇచ్చి 3 వికెట్లు తీసింది. అంటే ఆమె వేసిన ప్రతి ఓవర్‌కు నాలుగు పరుగులు. మిగిలిన 39 ఓవర్లలో ఆస్ట్రేలియాకు 290 పరుగులు వచ్చాయి, ఓవర్‌కు ఏడు పరుగులకు పైగా. చెరువు కట్టకు ఒకవైపు ఎంత మట్టి వేసినా రెండోవైపు గండి పడితే నీళ్లు ఆగవు. శ్రీచరణి బాగా వేసినా జట్టు ఓడిపోయింది. మన పాప బాగా ఆడితే చాలుననే వారు ఈ ఆటను మళ్లీ చూడడం మంచిది.

అక్టోబరు 19న ఇండోర్‌లో ఇంగ్లండ్ మీద ఓటమి మరీ బాధాకరం. 289 కొట్టాలి. స్మృతి 88, హర్మన్‌ప్రీత్ కౌర్ 70, దీప్తి 50. ముగ్గురు పెద్దలూ మోశారు. ముగ్గురూ అవుటయ్యాక చివర్లో నిలబెట్టేవారు లేక 284 దగ్గర ఆగిపోయి నాలుగు పరుగులతో ఓడారు.

ఈ మూడు ఓటములకు కారణం ఒకటే. మొదలు బాగుంటుంది, నడుమ బాగుంటుంది, చివర చెయ్యి జారుతుంది. ఈ రోగం కొత్తది కాదు. 2017 జులైలో లార్డ్స్ మైదానంలో ఇంగ్లండ్‌తో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో 229 పరుగులు కొట్టవలసి ఉండగా, 191కి మూడే వికెట్లు పోయిన స్థితినుంచి 219కి అందరూ అవుటయ్యారు. తొమ్మిది పరుగుల తేడా. ఆనాడు ఆ బాధ పడ్డవారిలో హర్మన్‌ప్రీత్, స్మృతి, దీప్తి ఉన్నారు. ఎనిమిదేళ్ల తరువాత విశాఖలో, ఇండోర్‌లో వాళ్ల కళ్లముందే మళ్లీ అదే జరిగింది. ఆ సమయంలో ఈ జట్టు పిల్లలు ఎదగలేదని ఎవరైనా అని ఉంటే కాదనడానికి వీలులేదు.

పక్కన పెట్టిన ఇద్దరు

ఇంగ్లండ్‌తో ఆటకు జెమీమా రోడ్రిగ్స్‌ను పక్కన పెట్టారు. అంతకుముందు శ్రీలంక మీద, దక్షిణాఫ్రికా మీద ఆమె సున్నాకే అవుటైంది. ఈ ముంబయి అమ్మాయికి పక్కన పెట్టించుకోవడం కొత్త కాదు. 2022 ప్రపంచకప్ జట్టులో కూడా ఆమెకు చోటు ఇవ్వలేదు. 2025లో మాత్రం ఒక్క ఆటతోనే మళ్లీ పిలిచారు. అక్టోబరు 23న న్యూజీలండ్ మీద మూడవ స్థానంలో దిగి 76 పరుగులతో నాటౌట్‌గా నిలిచింది. ఆరోజు ప్రతీక 122, స్మృతి 109 చేశారు. జట్టు సెమీఫైనల్ చేరింది.

అంతలో మరో దెబ్బ తగిలింది. బంగ్లాదేశ్‌తో వాన పాలైన ఆటలో ఫీల్డింగ్ చేస్తూ ప్రతీక కాలికి గాయమైంది. ఆ పోటీల్లో 308 పరుగులు చేసిన పిల్ల ఆటకు దూరమైంది. ఆమె స్థానంలో షెఫాలీ వర్మను పిలిపించారు. హర్యానాలోని రోహ్‌తక్‌కు చెందిన షెఫాలీకి ఏడాదిగా వన్డే జట్టులో చోటు లేదు. పిలుపు వచ్చేనాటికి ఆమె సూరత్‌లో హర్యానా తరఫున దేశవాళీ పోటీలు ఆడుకుంటున్నది.

ఇక్కడే అసలు సంగతి ఉన్నది. ఒకరు పడిపోతే ఇంకొకరు వచ్చి ఆ బరువు ఎత్తుకోగలిగితే అది జట్టు అవుతుంది. లేకపోతే పదకొండు మంది ఉన్న గుంపు. షెఫాలీ, రిచా ఇద్దరూ 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టులో కలిసి ఆడినవారే. ఆ జట్టుకు షెఫాలీయే కెప్టెన్. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష కూడా ఆ జట్టులో ఉన్నది. అంటే ఈ పిల్లలు కొందరు చిన్ననాటినుంచే ఒకరి ఆట ఒకరు ఎరిగినవారు. బయటినుంచి చూసేవారికి షెఫాలీ హఠాత్తుగా ఊడిపడినట్లు కనిపించింది గాని లోపలివారికి ఆమె కొత్త మనిషి కాదు.

సెమీఫైనల్లో తేలిన లెక్క

అక్టోబరు 30న నవీ ముంబయిలో ఆస్ట్రేలియా 338 పరుగులు చేసింది. మహిళల వన్డే చరిత్రలో అంత మొత్తం కొట్టి గెలిచినవారు అంతకుముందు లేరు. షెఫాలీ 10 పరుగులకే పోయింది. 59 దగ్గర స్మృతి కూడా పోయింది. జెమీమా, హర్మన్‌ప్రీత్ 167 పరుగులు జోడించారు. మూడవ స్థానంలో దిగాలని జెమీమాకు బరిలోకి దిగడానికి కొద్ది నిమిషాల ముందే చెప్పారట. హర్మన్‌ప్రీత్ 89 చేసి అవుటైనప్పుడు ఇంకా 113 పరుగులు కావాలి.

ఇండోర్‌లో తెగిపోయింది సరిగ్గా ఇక్కడే. పెద్దలు వెళ్లిపోయారు, మిగిలినవారు ఏం చేస్తారు? దీప్తి 17 బంతుల్లో 24 చేసింది. రిచా 16 బంతుల్లో 26 చేసింది. మొహాలీ అమ్మాయి అమన్‌జోత్ కౌర్ 8 బంతుల్లో 15 చేసి చివరి దెబ్బ కొట్టింది. రెండవ కొసన జెమీమా 127 పరుగులతో నిలబడే ఉన్నది. తొమ్మిది బంతులు మిగిలి ఉండగానే 341 పరుగులు వచ్చాయి. జెమీమా 82 వద్ద ఇచ్చిన క్యాచ్‌ను ఆస్ట్రేలియా కెప్టెన్ హీలీ వదిలేసిన మాట నిజమే. అదృష్టం కలిసొచ్చిందనేవారికి అది ఆధారం. కాని ఒక క్యాచ్ జారితే ఒక మనిషి నిలబడుతుంది. ఆమెకు తోడుగా ఒకరి తరువాత ఒకరు ముగ్గురు వచ్చి ఎవరి పని వారు చేసుకుపోవడం క్యాచ్ జారడం వల్ల జరగదు.

పత్రికల్లో జెమీమా ఫోటోలు పెద్దవిగా వచ్చాయి. రావలసిందే. అమన్‌జోత్ ఎనిమిది బంతుల సంగతి ఎవరికీ పెద్దగా గుర్తులేదు. ఈ జట్టు ఎదిగిందా లేదా అని అడిగేవారు చూడవలసింది మాత్రం ఆ ఎనిమిది బంతులనే. ఇండోర్‌లో కూడా ఆఖరున నాటౌట్‌గా మిగిలినవారిలో ఆమె ఉన్నది. పదకొండు రోజుల్లో అదే పిల్ల, అదే స్థితిలో, ఆట ముగించి వచ్చింది.

ఫైనల్ ఆటలో మన జట్టు 298 పరుగులు చేసింది. షెఫాలీ 78 బంతుల్లో 87, దీప్తి 58, స్మృతి 45, రిచా 34. దక్షిణాఫ్రికా 45.3 ఓవర్లలో 246కి అందరూ అవుటయ్యారు. వారి కెప్టెన్ లారా వోల్వార్ట్ 101 పరుగులు చేసి ఒంటరిగా పోరాడింది. బ్రిట్స్‌ను అమన్‌జోత్ నేరుగా వికెట్లకు బంతి విసిరి రనౌట్ చేసింది. వోల్వార్ట్ కొట్టిన బంతి అమన్‌జోత్ చేతుల్లో రెండుసార్లు ఎగిరి మూడవసారి చిక్కింది. దీప్తి 39 పరుగులకు 5 వికెట్లు తీసింది. ఎప్పుడోగాని బంతి పట్టని షెఫాలీ ఏడు ఓవర్లు వేసి ఇద్దరిని అవుట్ చేసింది.

విశాఖలో వేసిన లెక్కనే ఇక్కడా వేద్దాం. ఫైనల్లో శ్రీచరణి 9 ఓవర్లకు 48 పరుగులిచ్చి ఒక వికెట్ తీసింది. అంటే ఓవర్‌కు ఐదు పైచిలుకు. మిగిలిన 36.3 ఓవర్లలో దక్షిణాఫ్రికా చేసింది 198. అదీ ఓవర్‌కు ఐదు పైచిలుకే. అక్టోబరు 12న మన అమ్మాయికీ మిగతావారికీ ఓవర్‌కు మూడు పరుగులకు పైగా ఎడం ఉన్నది. నవంబరు 2 నాటికి ఆ ఎడం లేకుండా పోయింది. శ్రీచరణి తగ్గిందని దీనికి అర్థం కాదు. ఆమె ఒక్కతే ఆపవలసిన అవసరం తప్పిందని అర్థం. జిల్లా ప్రజలు ఆమె 14 వికెట్లను చూసి ఎంత సంతోషించారో, ఈ లెక్కను చూసి అంతకంటే ఎక్కువ సంతోషించాలి.

ఇంకా మిగిలిన లోపాలు

ఇంత చెప్పినా అంతా సజావుగా ఉందనడం ముఖస్తుతి అవుతుంది. ముఖ్యంగా వేగం బౌలింగ్ సంగతి. మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్ జిల్లా ఘువారాకు చెందిన క్రాంతి గౌడ్ 2025 జులైలో ఇంగ్లండ్ గడ్డమీద ఒకే వన్డేలో 52 పరుగులకు 6 వికెట్లు తీసింది. ప్రపంచకప్‌లో పాకిస్తాన్ మీద 20 పరుగులకే 3 వికెట్లు పడగొట్టింది. అలాంటి పిల్లకు ఫైనల్లో మూడే ఓవర్లు దక్కాయి. అమన్‌జోత్ నాలుగు ఓవర్లలో 34 ఇచ్చింది. పెద్ద ఆటలో కెప్టెన్ వీరిద్దరి చేతికి బంతి ఇవ్వడానికి వెనకాడిందన్నమాట. స్పిన్ తిరగని గడ్డమీద, చల్లటి దేశంలో ఇదే జరిగితే ఏమవుతుంది?

పెద్దల సంగతి కూడా ఉన్నది. కప్పు గెలిచేనాటికి హర్మన్‌ప్రీత్‌కు 36 ఏళ్లు. ఆ పోటీల్లో మన జట్టులో ఎక్కువ పరుగులు చేసింది 434తో స్మృతి. పడుచు పిల్లలు కలిసి ఎదిగారన్నది నిజమే గాని నెత్తిన ఇంకా పెద్దల గొడుగు ఉన్నది. ఆ గొడుగు తీసిన రోజున ఏమిటో ఇంకా తేలవలసి ఉన్నది. 2025 డిసెంబరులో విశాఖ, తిరువనంతపురంలలో శ్రీలంకను ఐదు టి20 ఆటల్లోనూ ఓడించారు. సంతోషమే. అయితే శ్రీలంక మీద గెలుపును గీటురాయిగా తీసుకోరాదు. అదే ఏడాది సెప్టెంబరులో స్వదేశంలోనే ఆస్ట్రేలియాకు వన్డే సిరీస్ ఒప్పగించిన సంగతి మరవకూడదు.

ఇక్కడ సెలెక్టర్లకు ఒక మాట చెప్పాలి. రెండు ఆటల్లో విఫలమైతే తీసేయడం, ఏడాది తరువాత గుర్తుకు తెచ్చుకోవడం అనే అలవాటు మానాలి. జెమీమా, షెఫాలీ ఇద్దరూ తిరిగివచ్చి కప్పు తెచ్చారు గనుక ఆ అలవాటు మంచిదేనని వాదించే ప్రమాదం ఉన్నది. అది తలకిందుల వాదం. ప్రతీక కాలు విరగబోయి షెఫాలీకి చోటు దొరికింది. సెలెక్టర్ల దూరదృష్టివల్ల కాదు. ఆ ప్రతీక ఫైనల్ రాత్రి చక్రాల కుర్చీలో వేదికమీదికి వచ్చి తోటివారితో సంబరం చేసుకున్నది. ఆమెకు ఆరోజు పతకం కూడా లేదు, నిబంధనలు ఒప్పుకోలేదు, తరువాత ఇచ్చారు. ఆ పిల్లలు ఆమెను తమనుంచి వేరుచేసి చూడలేదు. ఆ బుద్ధి పైవారికి కూడా ఉండాలి.

మన జిల్లాకు ఇందులో ఏమున్నది?

శ్రీచరణి చిన్నప్పుడు ఖోఖో ఆడింది, బాడ్మింటన్ ఆడింది, పరుగుపందాల్లో పాల్గొన్నది. పదహారేళ్ల ప్రాయంలో గాని క్రికెట్‌ను గట్టిగా పట్టుకోలేదు. మొదట వేగంగా బంతి వేసేది, తరువాత ఎడమచేతి స్పిన్‌కు మారింది. 2025 ఏప్రిల్‌లో కొలంబోలో తొలి వన్డే ఆడింది. జూన్‌లో నాటింగ్‌హామ్‌లో తొలి టి20లోనే 12 పరుగులకు 4 వికెట్లు తీసింది. ఏప్రిల్‌లో జట్టులో చేరిన పిల్ల నవంబరుకు ప్రపంచకప్ చేతబట్టింది. ఇంత తక్కువ కాలంలో ఒదిగిపోగలిగిందంటే ఆమె సత్తా ఒక్కటే కారణం కాదు. పక్కన దీప్తివంటి అనుభవజ్ఞురాలు రెండో కొసనుంచి వేస్తున్నది. వెనక రిచావంటి వికెట్‌కీపర్ ఉన్నది. తన ఈడు పిల్లలు చుట్టూ ఉన్నారు.

మన పల్లెల్లో ఆడపిల్లలకు లేనిది సరిగ్గా అదే. సత్తా ఉన్న పిల్ల ఊరికొకతె కనిపిస్తుంది. ఆమెతో ఆడడానికి మిగతా పదిమంది కనిపించరు. ఏడు, ఎనిమిది తరగతుల్లో ఖోఖో జట్టు ఉంటుంది. పదవ తరగతి అయ్యేసరికి ఇద్దరికి చదువు ఆగిపోతుంది, ముగ్గురు పట్నం కాలేజీ హాస్టళ్లకు వెళతారు, ఒకరిద్దరికి సంబంధాలు చూస్తారు. మిగిలిన పిల్ల మగపిల్లలతో ఆడాలి, లేదా మానుకోవాలి. మగపిల్లలతో ఆడితే ఊళ్లో నాలుగు నోళ్లు లేస్తాయి. తండ్రి ధైర్యవంతుడైతే ఆడిస్తాడు, కాకపోతే లేదు. విశాఖనుంచి స్నేహ దీప్తి, హైదరాబాదునుంచి అరుంధతి రెడ్డి, ఎర్రమల్లెనుంచి శ్రీచరణి, ఇలా మనవాళ్లు ఒక్కొక్కరే వెళ్లడం చూస్తున్నాం. ఒకే తాలూకానుంచి ముగ్గురు నలుగురు కలిసి పెరిగి వెళ్లిన దాఖలా వెతకాలి.

ఇంటి స్థలం, ఉద్యోగం, నగదు బహుమతి శ్రీచరణికి న్యాయంగా రావలసినవే. అవి ఆమె ఇంటికి చేరతాయి. ఎర్రమల్లె చుట్టుపక్కల బడుల్లో ఉన్న ఆడపిల్లలకు వాటివల్ల ఒక బంతి కూడా రాదు. వారికి కావలసింది పెద్ద ఖర్చు కాదు. మండలానికి ఒక మైదానం, చాప పరిచిన ఒక పిచ్, వారానికి మూడు సాయంత్రాలు ఉండే ఒక మహిళా వ్యాయామ ఉపాధ్యాయిని, ఆట ముగిశాక చీకటి పడకుండా ఊరు చేర్చే ఒక బస్సు. ఇందులో బస్సే ముఖ్యం. సాయంత్రం ఆరు తరువాత బస్సు లేని ఊరి పిల్లను ఏ తల్లీ మైదానానికి పంపదు.

మండలస్థాయి పోటీలు పెట్టి, గెలిచిన జట్టులోంచి ఇద్దరిని ఏరి జిల్లాకు పంపి, మిగిలిన తొమ్మిదిమందిని ఇంటికి పంపే పద్ధతిని కూడా మార్చాలి. ఆ తొమ్మిదిమంది ఇంటికి పోయాక ఆ ఇద్దరు ఎవరితో ఆడతారు? ఒక జట్టును రెండు మూడేళ్లు చెదరకుండా ఉంచి, ఏటా కనీసం పదిహేను ఇరవై ఆటలు ఆడించి చూడాలి. కడప పట్నంలో క్రికెట్ స్టేడియం ఉన్నది, అక్కడ పెద్ద పోటీలు లేని రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో నెలకు రెండు ఆదివారాలు పల్లె బడుల ఆడపిల్లల జట్లకు ఆ గడ్డను ఇవ్వడానికి సంబంధిత పెద్దలు ఒప్పుకోవాలి. వేసవి సెలవులకు బడులు మూసేలోపే ఆ నిర్ణయం జరిగితే, పదవ తరగతి పరీక్షలు రాసిన పిల్లలు చెదిరిపోకముందే ఒకచోట చేరడానికి వీలవుతుంది.